ఇంటి నీళ్ళలో నానిన నెగెటివ్

2024 వేసవి. బెంగళూరంతా నీళ్ళ ట్యాంకర్ల కోసం ఎదురుచూస్తున్న రోజులు. నగర్తపేటలో మా నాన్న పెట్టిన ఫిల్మ్ ల్యాబ్‌ను నేనింకా మొండిగా నడుపుతున్నాను. అందరి చేతుల్లో ఫోన్లున్నాక ఫిల్మ్ కడిగేవాడి దగ్గరికి వచ్చేది కళ పిచ్చి ఉన్నవాళ్ళే. వాళ్ళతో నాకు ఎప్పుడూ వాదనే.

భాగ్య అలాంటి మనిషే. ఆనేకల్ దగ్గర మగ్గాల ఇంటి పిల్ల, ఫోటోగ్రాఫర్. రెండు నెగెటివ్‌లు, రెండు సీసాల నీళ్ళు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఒక నెగెటివ్‌లో సర్జాపుర వైపు నురగలు కక్కే చెరువు, దాని పక్కన సీసాలో ఆ చెరువు నీళ్ళే. రెండోదాంట్లో ఆమె ఆరేళ్ళ కూతురు చిన్ని ఇంటి కొళాయి దగ్గర నవ్వుతోంది. దాని పక్కన సీసాలో వాళ్ళింటి బోరు నీళ్ళు.

"దేన్ని దాని నీళ్ళలోనే వారం నానబెట్టన్నా. చెరువుది పాడయితాది, పాపది బాగుంటాది. రెండూ పక్కపక్కన ఎగ్జిబిషన్‌లో పెడతాను."

"కడిగిన ఫిల్మ్‌ను మళ్ళీ మురికిలో ముంచేదానికి నేనే దొరికినానా తల్లీ?" అన్నాను. అంటూనే తీసుకున్నాను.

ఫిల్మ్ మీద బొమ్మను పట్టి ఉంచే జిలటిన్ పొరను ఎమల్షన్ అంటాం. మురుగునీళ్ళలో నానితే అది కుళ్ళి జారిపోతుంది. మంచినీళ్ళలో కాస్త ఉబ్బుతుందంతే.

వారం తర్వాత చెరువు నెగెటివ్ అనుకున్నట్టే పాడైంది. రెండోది బయటికి తీశాను. చిన్ని ముఖం ఉండాల్సిన చోట పొర జిగురులా వేలికి అంటుకుని వచ్చేసింది.

రెండు సీసాల్లోనూ చెరువు నీళ్ళే వచ్చాయేమో అన్నాను. భాగ్య మర్నాడే ఇంటి కొళాయి కింద తానే పట్టిన చెంబెడు నీళ్ళు, చిన్నిదే ఇంకో నెగెటివ్ తెచ్చింది. దానితోపాటు నా ల్యాబ్ ఫిల్టర్ నీళ్ళలో ఒక పాత ఫిల్మ్ ముక్క కూడా వేశాను. మళ్ళీ వారం గడిచింది. నా ముక్క చెక్కుచెదరలేదు. చిన్ని మాత్రం మళ్ళీ లేదు.

భాగ్య ఆ ఫిల్మ్‌ను బల్ల మీద పెట్టేసింది. "పాపకు రోజూ కడుపునొప్పి అన్నా. అంగడి తిండి తింటావని దాన్నే కొడతా ఉండాను." అక్కడే నిలబడి భర్తకు ఫోన్ చేసింది. "బోరు నీళ్ళు పాపకు ఇయ్యొద్దు. వంటకూ వద్దప్పా."

"నీళ్ళు తేటగానే ఉండాయి కదా?" అని ఆయన అడగడం నాకూ వినిపించింది.

ఆ బోరు నీళ్ళు పరీక్షకు ఇస్తే తాగడానికి పనికిరావని తేలింది. వానలు సరిగ్గా లేక వాళ్ళ ఊరి చెరువులోకి మంచినీళ్ళు రావడం తగ్గిందట, ఇప్పుడు భూమిలోకి ఇంకి బోరులోకి చేరుతున్నది మురుగేనట.

ఎగ్జిబిషన్‌లో భాగ్య చెరువు ఫోటో పెట్టనేలేదు. ముఖం లేని కూతురి ఫోటో ఒక్కటే గోడంత ప్రింట్ తీయించి పెట్టింది. ఒక పెద్దమనిషి చాలాసేపు చూసి, "చాలా బాగుందమ్మా. ఈ ఎఫెక్ట్ ఎలా తెచ్చారు?" అని అడిగాడు.

"మా ఇంటి నీళ్ళు సార్. నా బిడ్డ తాగినవే," అంది భాగ్య.

నీళ్ళతోనే బతుకుతున్న నేను కూడా భాగ్య భర్తలాగే గ్లాసు వెలుతురుకు పట్టి చూసి, తేటగా ఉంటే మంచివే అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఎవరింటికి వెళ్ళినా, మంచినీళ్ళు ఇస్తే ముందు ఆ ఇంట్లో పిల్లలు ఎలా ఉన్నారని అడుగుతున్నాను.