సరోజమ్మ ముందే చెప్పిన స్తోత్రం

ఘంటసాల బౌద్ధ స్తూపం దిబ్బ దగ్గర ఒక పూట ఊరికే కూర్చుంటే మనిషికి కాలం మీద పట్టు జారిపోతుంది. ఇటుకల మీద బల్లులు ఎండకాగుతుంటాయి. ఒకప్పుడు ఇక్కడికి ఓడలొచ్చేవని చెబుతారు. ఇప్పుడు సముద్రం వరిచేలకు అవతల ఎక్కడో ఉంది. జరిగిపోయింది సముద్రమా, మనమా అని ఆలోచించుకుంటూ పామర్రు రోడ్డు మీదికొచ్చేసరికి బస్సు కూడా వెళ్ళిపోయింది. నాకది కొత్త కాదు. జీవితంలో ఎక్కిన బస్సులకన్నా తప్పిన బస్సులే నన్ను మంచి చోట్లకు చేర్చాయి.

చెయ్యెత్తితే ఒక వ్యాను ఆగింది. వెనకంతా నీలం చొక్కాల కుర్రాళ్ళు. ముందు సీట్లో అరవై దాటిన ఆవిడ, ఒళ్ళో స్టీలు కారియరు.

"ఎక్కండన్నయ్యగారూ. గుడివాడ దాకా వెళ్తున్నాం, సెమీ ఫైనలుకి."

"ఏం ఆటమ్మా?"

"ఫుట్‌బాలండీ. దివి లెవెన్ అంటే మేమే."

మేమే అన్నప్పుడు ఆవిడ కారియరును ఇంకొంచెం దగ్గరికి హత్తుకుంది. పేరు సరోజ. హంసలదీవి వెళ్ళే దారిలో ఒక పేట వాళ్ళది. ప్రభుత్వాసుపత్రిలో ఆయాగా పనిచేసి రిటైరైంది. వెనక కూర్చున్న కుర్రాళ్ళలో సగం మందికి పైగా ఆవిడ చేతుల్లోకి జారిపడ్డవాళ్ళే. ఆ చుట్టరికంతోనే వాళ్ళను నాకు పరిచయం చేసింది.

"ఆ పొడుగోడు పుట్టినప్పుడు ఏడవనే లేదండీ, వీపు మీద నాలుగు చరిస్తే గానీ. ఇప్పుడు చూడండి, నోరు మూయడు. ఆ మూలోడు బుల్లెమ్మ మనవడు, పడవలోనే పుట్టాడు. ఇదిగో వీడు అనిల్ కుమార్. వీడి సంగతి వేరు. కాళ్ళు ముందొచ్చి పుట్టాడు."

"చెప్పకే పెద్దమ్మా!" అన్నాడు అనిల్, కిటికీలోంచి మొహం తిప్పకుండా.

"చెప్తే ఏంట్రా? భూమ్మీదికి తలపెట్టి అందరూ వస్తారు. నువ్వు తన్నుకుంటూ వచ్చావు. అందుకే ఫార్వర్డు ఆడుతున్నావు."

వ్యానంతా నవ్వింది. అలా ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు పాదంతో మూడుసార్లు తాకితే పట్టేసిన నడుం వదులుతుందని మా వైపు నమ్మకం. నమ్మనివాళ్ళు కూడా నొప్పెడితే నమ్ముతారు. నాట్ల రోజుల్లో అనిల్ గుమ్మం ముందు పొద్దున్నే నడుములు వంగిన జనం చేరతారట. వాడు పళ్ళు తోముకుంటూనే ఒక్కొక్కరినీ తాకి పంపిస్తాడట.

"అది మూఢనమ్మకమని ఎన్నిసార్లు చెప్పినా వినదండీ సరోజక్క," అన్నాడు వెనకనుంచి డేవిడ్ రాజు. ఆయన ఆ పేటకు పాస్టరు, ఆ జట్టుకు మేనేజరు కూడా.

"ఆ కాలిచ్చింది మాత్రం ఎవరండీ పాస్టరుగారూ?"

పాస్టరుగారు కిటికీ అద్దం తుడుచుకున్నారు.

కూచిపూడి దాటాక పంట కాలవ రోడ్డు పక్కకొచ్చింది. గుర్రపుడెక్క మీద ఊదారంగు పూలు. కోసిన చేలల్లో కుప్పలు వేసి ఉన్నాయి. మసక ఎండలో అవి ఎవరో వదిలేసి వెళ్ళిన పడవల్లా కనిపించాయి. సరోజమ్మ గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. పోయిన ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచి, సెమీస్ గెలిపించినందుకు దేవునికి స్తోత్రమని, శనివారం తమ ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకుంటున్నామని, అందరూ భోజనానికి రావాలని పిలిచేసింది. ఆట బుధవారం. స్తోత్రం ఆదివారమే అయిపోయింది!

"గెలిచాక పెట్టుకుందామన్నానండీ," అన్నాడు డేవిడ్ రాజు. చెవులు ఇటే ఉన్నాయి.

"గెలిచాక చెప్తే అది ధన్యవాదం. ముందు చెప్తేనే విశ్వాసం. మీరే కదండీ బోధించారు?"

ఇంట్లో బాతుల్ని పెంచుతోంది. కూడిక కోసం వాటికి వేరే మేత పెడుతోంది. అది అనిల్ కొట్టబోయే గోలు పేరు మీద కూడిక. వాణ్ణి ముందు కూర్చోబెట్టి మొదటి విస్తరి వాడికే వేయాలని ఆవిడ కోరిక.

"రిటైరయ్యాక చెవులు ఖాళీ అయిపోయాయన్నయ్యగారూ," అంది. "ఆస్పత్రిలో ఎప్పుడూ ఎవరో ఒకరు అరుస్తూనే ఉండేవాళ్ళు కదా. ఇంట్లో ఆ నిశ్శబ్దానికి నిద్రపట్టేది కాదు. ఒకరోజు గ్రౌండు నుంచి వీళ్ళ అరుపులు వినిపించాయి. చూసొద్దామని వెళ్ళాను. ఇంకంతే."

గుడివాడ మైదానంలో ఆ ఊరి జనం మూడు వైపులా నిండి ఉన్నారు. మాకు మిగిలింది నీళ్ళ ట్యాంకు పక్క ఎండుగడ్డి. సరోజమ్మ నీలం తువ్వాలు పరిచి కూర్చుంది.

"ఏం పిన్నిగారూ, చేపలమ్మడానికొచ్చారా?" అని అరిచాడొకడు.

"చేపలు కావు నాయనా, గోల్స్ తెచ్చాం. తాజావి. సంచి తెచ్చుకున్నావా?"

అటువైపు వాళ్ళు కూడా నవ్వారు. నేను ఎన్నో ఊళ్ళలో ఎన్నో ఆటలు చూశాను. పరాయి ఊళ్ళో తన జట్టు కోసం అరిచే మనిషిలో ఒక యాత్రికుడి ఛాయ ఉంటుంది. తనది కాని నేల మీద తన దేవుణ్ణి తలుచుకునేవాడి ఛాయ అది.

ఆట మొదలైన కాసేపటికి చేల మీంచి మంచు దిగింది. ఎక్కడో గడ్డి కాల్చిన పొగ వచ్చి అందులో కలిసింది. బంతి పైకి లేస్తే కనిపించేది కాదు. ఆటగాళ్ళందరూ మెడలెత్తి ఎదురుచూసేవాళ్ళు. తర్వాత అది ఎవరో ఆలోచించి వదిలినట్టు మెల్లగా కిందికొచ్చేది. అలా వచ్చిన ఒక బంతిని అనిల్ నేల తాకనివ్వలేదు. గుడివాడ కీపరు కృష్ణచైతన్య పక్కకు దూకాడు, అందలేదు. గోలు! సరోజమ్మ లేచి చీర కొంగు గాల్లో తిప్పింది. "వచ్చాడు! కాళ్ళు ముందొచ్చాడు!"

గోలైతే అయింది గానీ, దూకిన కృష్ణచైతన్య లేవలేదు. నడుం పట్టేసింది. ఎలాగో విరామం దాకా గోలు గుంజ పట్టుకుని నిలబడి, విజిల్ పడగానే గడ్డి మీద వాలిపోయాడు. వాళ్ళ రెండో కీపరు ఆ పూట పెళ్ళికి వెళ్ళాడట. స్ప్రే కొట్టారు, ఐసు పెట్టారు. ఆ కుర్రాడి మూలుగు మైదానం ఈ చివరికి వినిపిస్తోంది. అప్పుడు ఆ జట్టు పెద్ద శివరామయ్యగారు, పంచె ఎగ్గట్టి, మైకు అందుకున్నారు.

"అయ్యా, జనంలో ఎవరైనా ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళుంటే దయచేసి గోలు దగ్గరికి రావాలి."

గుడివాడలో అంతమంది ఉండి ఒక్కరూ లేవలేదు. సరోజమ్మ కూర్చున్నచోటే కదిలింది. డేవిడ్ రాజు ఆవిడ కొంగు పట్టుకున్నాడు.

"అక్కా, కూర్చో. నీకు దండం పెడతాను."

"మూలుగుతున్నాడండీ."

"వాళ్ళ కీపరు! మనం ఒక గోలు ముందున్నాం!"

"వినిపిస్తుంటే ఎలా కూర్చుంటానండీ? నా వల్ల కాదు." కొంగు లాక్కుని లేచింది. "మావాడున్నాడండీ!"

అనిల్ ఆవిడ వంక చూసిన చూపు నాకు గుర్తుంది. అయినా చిన్నప్పటి నుంచీ అలవాటైన మాట కాబట్టి వెళ్ళాడు. బూటు విప్పాడు. బోర్లా పడుకున్న కృష్ణచైతన్య నడుం మీద పాదం ఆనించాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. మంచులో వాళ్ళిద్దరూ ఒకే మనిషిలా, ఒకే నీడలా ఉన్నారు. కృష్ణచైతన్య మోకాళ్ళ మీద లేచాడు, నిలబడ్డాడు, వంగి నేల తాకాడు. పాదమో, ఐసో, విశ్రాంతో నేను చెప్పలేను. మైదానమంతా చప్పట్లు. మూడు వైపుల జనం మా ట్యాంకు వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. డేవిడ్ రాజు మాత్రం తల పట్టుకున్నాడు.

తర్వాత జరిగింది మీరు ఊహించే ఉంటారు. గుడివాడ వాళ్ళు గోలు సమం చేశారు. ఆట పెనాల్టీలకు వెళ్ళింది. అందరూ కొట్టారు, అందరూ వేశారు. చివరి బంతి అనిల్‌ది, వేస్తేనే ఆట నిలుస్తుంది. సరోజమ్మ కళ్ళు మూసుకుంది. అనిల్ బాగానే కొట్టాడు, కింద మూలకి. కృష్ణచైతన్య పాములా సాగి వేళ్ళ చివరతో తోశాడు. బంతి గుంజను ముద్దు పెట్టుకుని బయటికెళ్ళింది. నడుం బాగున్న మనిషి మాత్రమే అలా దూకగలడు.

తిరుగు ప్రయాణంలో కారియరు ఎవరూ విప్పలేదు. మొవ్వ దగ్గర అనిల్ చీకటిలోకి చూస్తూ అన్నాడు, "నన్నెందుకు పంపావు పెద్దమ్మా?" దిగేటప్పుడు వాడు ఆవిడకు చెయ్యందించలేదు.

శనివారం నాకూ పిలుపుంది కాబట్టి వెళ్ళాను. పిలవకపోయినా వెళ్ళేవాణ్ణే. హంసలదీవి చివర నది ఎక్కడ ఆగుతుందో, సముద్రం ఎక్కడ మొదలవుతుందో కనిపెడదామని ఎన్నిసార్లు వెళ్ళానో! ప్రతిసారీ రెండూ ఒకదానికొకటి దారి ఇచ్చుకుంటూ నన్ను వెర్రివాణ్ణి చేస్తాయి.

సరోజమ్మ ఇంటి ముందు షామియానా వేసి ఉంది. కూడిక మానేస్తుందని పేటంతా అనుకుందట. మానలేదు. బాతు కూర వాసన వీధి మొదట్లోనే తగిలింది. గారెల దగ్గర కూర్చున్న పక్కింటి వీరలక్ష్మి నన్ను చూసి, "ఓడినందుకు కూడికంట, రండి బాబాయిగారూ," అంది. పాటలైపోయాయి. జట్టు కుర్రాళ్ళందరూ వచ్చారు. ముందు వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది.

"అనిల్ మూడు రోజుల్నుంచీ గది దాటట్లేదండీ," అన్నాడు డేవిడ్ రాజు నా చెవిలో. "ఆవిడ రెండుసార్లు వెళ్ళింది. తలుపు తీయలేదు."

సరోజమ్మ అటూ ఇటూ తిరుగుతూనే ఉంది గానీ కళ్ళు వీధి మీదే ఉన్నాయి. వాడు రాకపోతే ఆవిడకు అది కూడిక కాదు, ఉత్త భోజనం.

అప్పుడు మోటారు సైకిలు శబ్దమైంది. దిగింది కృష్ణచైతన్య. దిగుతూనే నడుం పట్టుకుని "అమ్మా!" అన్నాడు. "పిన్నిగారూ, మళ్ళీ పట్టేసింది. మీ కుర్రాళ్ళని ఇల్లు అడిగి గుడివాడ నుంచి ఎలా వచ్చానో నాకే తెలీదు. మీవాడేడీ?"

పిల్లలు పరుగెత్తారు. కాసేపటికి అనిల్ వచ్చాడు. లుంగీ, మాసిన గడ్డం, ఎవరివంకా చూడలేదు. ఆపదలో ఎవరొచ్చి అడిగినా కాదనకూడదని వాడికి ఊహ తెలిసినప్పుడే చెప్పి పెంచారు మరి. కృష్ణచైతన్య చాప మీద బోర్లా పడుకుని గట్టిగా మూలుగుతున్నాడు. అనిల్ పాదం ఎత్తాడు.

"మెల్లగా బావా," అన్నాడు కిందనుంచి కృష్ణచైతన్య. "మొన్నటి పెనాల్టీ అంత గట్టిగా వద్దు. అది ఆపినప్పటి నుంచీ వేళ్ళు వాచే ఉన్నాయి."

అనిల్ పెదవి కదిలింది. "ఇంకొంచెం మూలకి కొట్టాల్సింది."

"కొట్టాల్సింది. అందేది కాదు."

నేను సరోజమ్మ వంక చూశాను. ఆవిడ తల కొద్దిగా పక్కకు వంచి ఆ మూలుగు వింటోంది. అంతకాలం నొప్పుల మధ్య బతికిన మనిషి. ఏ మూలుగు ఒంట్లోంచి వస్తుందో, ఏది ఉత్త గొంతులోంచి వస్తుందో ఆవిడకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? చూస్తుండగానే ఆవిడ మొహం మీద నవ్వు విచ్చుకుంది.

కృష్ణచైతన్య లేచి, ఒళ్ళు విరుచుకుని, ఆవిడకు దండం పెట్టాడు. అనిల్ వెళ్ళబోయాడు. సరోజమ్మ వాడి చెయ్యి పట్టుకుంది. ఈసారి వాడు విడిపించుకోలేదు.

డేవిడ్ రాజు మైకు పట్టుకొచ్చాడు. "సరోజక్కా, మరి సాక్ష్యం? స్తోత్రం చెప్పవా?"

"ఉండండి పాస్టరుగారూ," అంది ఆవిడ, ఖాళీ కుర్చీ పక్కన ఇంకో కుర్చీ లాగుతూ. "స్తోత్రం తర్వాత చెప్పుకుందాం. ముందు వీళ్ళిద్దరికీ వడ్డించండి."