గేజీ మీది అరడుగు

ఇన్నేళ్లుగా నా మీద ఒక అరడుగు బరువు ఉంది. అరడుగుకు బరువేమిటని మీరు నవ్వవచ్చు. నవ్వండి. నేనూ చాలాసార్లు నవ్వుకున్నాను, కానీ నవ్వు అయిపోయాక అది ఎక్కడికీ పోలేదు. ఇంట్లో చెప్పలేదు. ఆఫీసులో చెప్పే ప్రశ్నే లేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

జూలూరుపాడుకు అవతల, అడవి అంచున ఉన్న ఒక చిన్న సాగునీటి ప్రాజెక్టు మీద నేను వర్క్ ఇన్‌స్పెక్టర్‌ని. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే చేతుల్లోకి వస్తున్న రోజులు. కాలువలోకి ఎంత నీరు వదులుతున్నామో రోజూ కొలిచి పైకి చెప్పాలని ఆ ఏడు గట్టి ఉత్తర్వు వచ్చింది. కొలవడం పెద్ద విద్యేమీ కాదు. కాలువ మొదట్లో గోడ మీద అడుగుల గుర్తులూ అంకెలూ రంగుతో వేసి ఉంటాయి. దాన్ని గేజీ అంటాం. నీరు ఏ అంకె దగ్గర ఉంటే అంత లోతన్నమాట. మూడడుగులు నిలపాలి. ఎక్కువైతే షట్టర్ దించాలి, తక్కువైతే ఎత్తాలి. అంతే.

మా గేజీ మీద రంగు ఎప్పుడో పోయింది. మా పై ఇంజినీరు, ఈఈ గారు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. కొత్తగా వేయాలి. కాలువ నిండుగా పారుతోంది, ఆపితే నాట్ల మీదున్న రైతులు నన్నే పట్టుకుని నాటేస్తారు. నీళ్లలోకి దిగి, టేపు నిటారుగా పట్టుకుని కొలవాలి. అది పద్ధతి.

నేను దిగలేదు. ఎందుకు దిగలేదు? నిజం చెప్పడానికే కూర్చున్నాను కాబట్టి చెబుతాను. ఈఈ గారి కోసం పాల్వంచలో కుట్టించుకున్న కొత్త ప్యాంటు వేసుకున్నాను. విప్పి దిగవచ్చు కదా అంటారా? అవతలి గట్టున ఆడవాళ్లు బట్టలు ఉతుకుతున్నారు. అందుకని ఒక వెదురుకర్ర తీసుకుని గట్టు మీద నుంచే దించాను. పారే నీరు కర్రను పక్కకు తోసింది. అది ఏటవాలుగా పోయి నేలను తాకింది. తడిసిన మేర కొలిస్తే మూడున్నర అడుగులు వచ్చింది. నిటారుగా నిలిపితే మూడే వచ్చేది. కర్ర వాలితే కొలత పెరుగుతుందని బడిపిల్లలకు కూడా తెలుసు, నాకూ తెలుసు, కానీ ఆ పూట నా తెలివంతా ప్యాంటు ఇస్త్రీ మడత దగ్గర ఆగిపోయింది. నీటి మట్టం దగ్గర మూడున్నర అని గుర్తు పెట్టాను. షట్టర్ కాస్త దించి, గోడ తేలాక మూడు అంకె కూడా వేశాను. తెల్లరంగు మీద నల్ల అంకెలు, ముచ్చటగా కుదిరాయి.

ఈఈ గారు మెచ్చుకుని గేజీకి ఫొటో తీయించారు. ప్యాంటును ఎవరూ గమనించలేదు.

ఆ రోజు నుంచి నేను మూడు అంకె దగ్గర నీళ్లు నిలిపాను. నిజానికి కాలువలో ఉన్నది రెండున్నర. కాలువ మొదట్లో పొలాలున్నవాళ్లకు తేడా తెలియలేదు. చివరి తూము కింద ఎకరం పొలం మరియమ్మది. ఒక ఆదివారం ప్రార్థన కాగానే తెల్లచీరతోనే అంత దూరం నడిచి వచ్చింది.

“సారూ, నా పొలానికి నీళ్లు ఎక్కుత లేవు. నాటు ఎండుతున్నది.”

“గేజీ చూడు పెద్దమ్మా. మూడడుగులు పోతున్నయ్. గేజీ అబద్ధం చెప్తదా?”

ఆమె గేజీని చాలాసేపు చూసింది. అంకెలు అంత అందంగా ఉంటే ఎవరు మాత్రం నమ్మరు?

“గట్లనా? అయితే నా పొలమే మెరకగ ఉన్నదేమో సారూ. నేను ఊకెనే నిన్ను అనుకున్న.”

నన్నే క్షమాపణ అడుగుతున్నట్టు అని వెళ్లిపోయింది. ఆ పంట చాలావరకు ఎండింది. నా అంకె తప్పని నాకు అప్పటికి నిజంగా తెలియదు. ఆ మాట పట్టుకుని చాలాకాలం వేలాడాను.

ఎండాకాలం కాలువ ఆపారు. కింది అంకెలు కూడా వేద్దామని రంగు డబ్బాతో దిగాను. రెండు వేశాను. ఒకటి వేశాను. ఇంకా అరడుగు దిగేసరికి నేల వచ్చేసింది. సున్నాకు చోటు లేదు. ఎండిన కాలువలో ఒక మేక పడుకుని నెమరు వేస్తోంది. నా గేజీ లెక్కన అది అరడుగు నీళ్లలో పడుకుని ఉంది.

కర్ర గుర్తొచ్చింది. ప్యాంటు గుర్తొచ్చింది. మరియమ్మ గుర్తొచ్చింది. అప్పుడైనా చెప్పానా? లేదు. కింద వేసిన అంకెలు చెరిపి, సున్నా నేల దగ్గరికి వచ్చేలా కింది అడుగులను కురచ చేసి మళ్లీ వేశాను. మొదటిది పొరపాటు, ఇది దొంగతనం. మేక తప్ప సాక్షి లేదు.

కొన్నాళ్లకు సైకిల్ మీద అటు వెళుతుంటే మరియమ్మా కోడలూ పొలంలో మట్టి తవ్వి తట్టలతో మోస్తున్నారు. మెరక తీస్తున్నారు. ఆ ఎండలో. నేను సైకిల్ ఆపాను. “మంచిపని చేస్తున్నవు పెద్దమ్మా” అని మళ్లీ ఎక్కాను. ఆ మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు. అప్పుడు చెప్పి ఉంటే తట్ట కింద పెట్టేవాళ్లు. ఉద్యోగం పోతుందని భయపడ్డానా? అంతకంటే, ప్యాంటు కోసమని చెప్పడానికి సిగ్గుపడ్డాను.

వానాకాలం ముందు అన్ని కాలువలకూ ఇనుప పలకల గేజీలు బిగించారు. బిగించినవాళ్లు నీళ్లలో దిగే అవసరం లేకుండా ఎండాకాలమే వచ్చారు, తెలివైనవాళ్లు. నా అంకెలు ఆ పలక వెనక్కి పోయాయి. కాలువలో నిజంగా మూడడుగులు నిలిచాయి. మరియమ్మ పొలం నిండింది. కోతలయ్యాక కొత్త బియ్యం తెచ్చింది.

“నువ్వన్నదే నిజం సారూ. మట్టి తీసినంక నీళ్లు ఎక్కినయ్.”

“అవ్ పెద్దమ్మా” అన్నాను.

ఆ బియ్యం వండుకుని తిన్నాం. బాగున్నాయి. అదే నా బాధ.

ఇప్పటికీ ఎవరి పొలానికి నీళ్లు ఎక్కకపోయినా మరియమ్మ వెళ్లి మట్టి తీయమని సలహా ఇస్తుందట. ఇద్దరు తీశారని విన్నాను. ఆమె ముందు నిలబడి చెప్పే ధైర్యం ఈ వయసులో కూడా రాలేదు. ఇక్కడ రాస్తుంటే మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది.

పెద్దమ్మా, నీ పొలం మెరక కాదు. ఎప్పుడూ కాదు.