బండి కొనేదాకా

జగదాంబ వ్యాను కొనబోతోందన్న సంగతి వజ్రపుకొత్తూరు మండలంలో సగం ఊళ్లకి తెలిసిపోయింది. తెలియకుండా ఎలా ఉంటుంది? ఏడు సీట్ల బండి ఎవరి గుమ్మం ముందు కనిపించినా ఆవిడ స్కూటీ ఆపేది. స్టాండు వేసి, కొంగు నడుముకి దోపి, బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, చక్రాల దగ్గర వంగి చూసి, అప్పుడు గానీ ఇంట్లోవాళ్లని పిలిచేది కాదు. నలభై ఆరేళ్ల మనిషి, కొబ్బరికాయల వ్యాపారం. కాపు చెట్టు మీద ఉండగానే ఎన్ని కాయలు దిగుతాయో చెప్పి బేరం ముగించేస్తుంది. అలాంటిది ఒక్క బండి కొనడానికి ఇన్ని గుమ్మాలు ఎక్కడమేమిటని ఊళ్లో నవ్వుకున్నారు. నవ్వుకోనీ. వాళ్లకేం తెలుసు?

ఆ వ్యాపారం మొదట ఆమె భర్త త్రినాథ్‌ది. రెండేళ్ల కిందట అతని కిడ్నీలు పాడయ్యాయి. ఊరూరా ఈ జబ్బే ఉన్న ఉద్దానంలో ఈ మాట చెబితే ఎలా వచ్చిందని ఎవరూ అడగరు, ఎక్కడ చూపిస్తున్నారని మాత్రం అడుగుతారు. సోమ, బుధ, శుక్రవారాలు పలాసలో డయాలసిస్. మంచం ఎక్కితే నాలుగు గంటలు. వెళ్లడం బాగానే ఉండేది, తిరిగి రావడమే నరకం. బీపీ పడిపోయి, పిక్కలు పట్టేసి, షేర్ ఆటోలో ముగ్గురి మధ్య ఇరుక్కుని, ఎడమచేతికి ఎవరి మోచెయ్యి తగులుతుందోనని కాచుకుంటూ రావాలి. సూదులు గుచ్చేది ఆ చేతికే. గోతుల్లో ఆటో ఎగిరినప్పుడల్లా కక్కుకునేవాడు. ఊరి జంక్షన్లో ఇద్దరు మనుషులు చంకల కింద చేతులు వేసి దించేవారు. ఒకప్పుడు అదే జంక్షన్లో నిలబడి కాయ దింపే ముప్పైమంది కూలీలకి పని పురమాయించిన మనిషి అతను.

ఒక శుక్రవారం పొద్దున్న అతను బట్టలు మార్చుకోలేదు.

"నాను రాను. నన్ను బస్తాలాగ దించుతన్నారు. ఇంక నావల్ల కాదు" అన్నాడు.

జగదాంబ బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. అత్తగారు నారాయణమ్మ కొడుకు గెడ్డం పట్టుకుంది. కదల్లేదు. ఆదివారం నాటికి ముఖం ఉబ్బి, ఊపిరి అందక, పడుకోలేక కూర్చోలేక అయిపోయాడు. కారు మాట్లాడి పరుగున తీసుకెళ్తే డాక్టరమ్మ జగదాంబకి చెడామడా చీవాట్లు పెట్టింది. ఇంకోసారి ఇలా మానిపిస్తే తీసుకురావడానికి మనిషి ఉండడని మొహం మీదే చెప్పింది.

ఇంటికొచ్చాక జగదాంబ మంచం పట్టె మీద కూర్చుంది.

"మావా, మన బండి మనం కొనీసుకుందాం. నీకు ఏది సుకంగా ఉంటాదో అదే కొంటాను. నువ్వే సెప్పాల. కొనీదాకా రా."

త్రినాథ్ తలూపాడు. "సరే. బండి కొనీదాకా వత్తాను. కొన్నాక నన్ను రమ్మనకు. అందులో మీరు తిరగండి. ఇది మాట."

మాట అన్నాడంటే అయిపోయిందే. కొబ్బరి రేటు సగానికి సగం పడిపోయిన ఏడాది కూడా ముందు చెప్పిన రేటుకే కాయ దించుకుని, నష్టం మింగి ఊరుకున్న మనిషి. ఆ పట్టుదల చూసి జగదాంబ అప్పటిదాకా గర్వపడేది. ఆ రోజు మొదటిసారి ఒళ్లు మండింది. సుఖంగా వెళ్లి సుఖంగా వస్తుంటే మనసు మారకపోతుందా అని ఆశపడి, మర్నాటి నుంచే బండ్ల వేటలో పడింది.

వేటలో మొదటి చిక్కు యజమానులే. ఎవరిని అడిగినా బంగారం లాంటి బండి అనేవారు. పూండిలో గణపతిరావు అని ఒక కిరాణా షాపాయన బానెట్ మీద చెయ్యి వేసి అరగంట పొగిడాడు. ఆమె సెలవు తీసుకుని వీధి చివరికి వచ్చేసరికి వెనకాలే ఆయాసపడుతూ వచ్చి గొంతు తగ్గించాడు.

"వెనక సీటుకి ఏసీ అందదమ్మా. గేస్ సిలిండరు పెట్టించీసినాక సామాన్లకి సోటే నేదు."

"ఆ మాట అక్కడే సెప్పొచ్చు కదండీ?"

"బండి ముందరా! అది ఇంటే మొరాయించదేటమ్మా?" అన్నాడు నిజంగానే భయపడుతూ.

నిమ్మకాయలు తొక్కించి, పసుపూ కుంకుమా పెట్టి పూజ చేసిన బండి. దాని మొహం మీదే దాన్ని తప్పుపడితే దారిలో నిలబెట్టేస్తుందని అక్కడివాళ్ల భయం. ఇది తెలిశాక జగదాంబ పద్ధతి మార్చింది. గుమ్మంలో పొగడ్తలన్నీ ఓపిగ్గా వినేది. విని, "మీ జీడితోట ఈ ఏడు ఎలాగ పూసిందండీ, సూపించండి" అంటూ యజమానిని బండికి వినపడనంత దూరం నడిపించుకుపోయేది. అక్కడ నిజాలు రాలేవి. అక్కుపల్లిలో ఒకాయన సముద్రపు గాలికి బండి అడుగు రేకు తినేసిందని చెప్పుకున్నాడు. ఇంకొకాయన, పక్కకి జరిగే తలుపు గాడిలో ఇసుక చేరిపోయి ఇంట్లో ఆడవాళ్లు లాగలేకపోతున్నారన్నాడు. మూడో వరసలో కూర్చున్న తన అత్తగారు మోకాళ్లు గెడ్డానికి తగులుతున్నాయని రెండేళ్లుగా తిడుతోందని ఇంకొకాయన వాపోయాడు.

ఇంతమందిలో ఎక్కువ మంచి పేరు వచ్చింది ఎత్తయిన తెల్ల బండికి. గట్టి ఇంజను, పెద్ద చక్రాలు, ఇసుక దారిలో దిగబడదు. పలాసలో పాత బండ్ల బ్రోకరు ఢిల్లీబాబు దగ్గర అలాంటిదొకటి అమ్మకానికి ఉంది. బుధవారం పొద్దున్న దాన్ని డ్రైవరుతో సహా ఇంటికి రప్పించింది. త్రినాథ్ ఒక్క అంగలో ఎక్కి కూర్చున్నాడు. ఆమె మనసులో బేరం అయిపోయింది.

అతన్ని డయాలసిస్‌కి లోపలికి పంపి, బయట బెంచీ మీద కూర్చుని, బయానా మాట చెప్పడానికి ఢిల్లీబాబు నంబరు వెతుకుతోంది. పక్కనే తన వంతు కోసం కూర్చున్న లాజరు మాస్టారు చూశారు. రిటైరైన టీచరు, బాప్టిస్టు చర్చిలో సంఘ పెద్ద, నాలుగేళ్లుగా డయాలసిస్ మీద బతుకుతున్న మనిషి. సంగతంతా విని అడిగారు.

"మీ ఆయన్ని ఎక్కించి చూశావా అమ్మా?"

"సూసేను మాస్టారూ. పొద్దున్న ఒక్క అంగలో ఎక్కీసినాడు."

"పొద్దున్నయితే నేను కొబ్బరిచెట్టు కూడా ఎక్కుతాను. నాలుగ్గంటలు అయ్యాక చూడాలి. మనలాంటి వాళ్లు బండిని షోరూములో కాదు, ఈ గేటు దగ్గర చూసుకోవాలి."

జగదాంబ ఫోను కొంగులో కట్టేసింది. మధ్యాహ్నం త్రినాథ్ బయటికొచ్చి, తెల్ల బండి తలుపు పట్టుకుని కాలెత్తాడు. కాలు మెట్టు దాకా వెళ్లి కిందికి వచ్చేసింది. మళ్లీ ఎత్తాడు. మూడోసారి డ్రైవరు చంకలో చెయ్యి వెయ్యబోతే విదిలించుకుని, తలుపుకి నుదురు ఆనించి అలాగే నిలబడిపోయాడు. జగదాంబ వేరే కారు మాట్లాడి అతన్ని ఇంటికి చేర్చింది. ఊరంతా మెచ్చిన బండే, తన మొగుడికి పనికిరాదు.

అప్పటి నుంచి ఒకటే నియమం పెట్టుకుంది. డయాలసిస్ రోజుకి ఒక బండి. ఢిల్లీబాబు అమ్మకానికి వచ్చినదాన్ని పంపాలి, డీజిలూ డ్రైవరు కూలీ ఆమె ఇస్తుంది, పరీక్ష గేటు దగ్గర.

శుక్రవారం బూడిద రంగు బండి వచ్చింది. పొడుగ్గా, నేలకి దగ్గరగా ఉంది. త్రినాథ్ తలుపు పక్కన కడ్డీ పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. సీటు వెనక్కి బాగా వాలింది. కుడివైపు కిటికీ పక్కన కూర్చుంటే ఎడమచెయ్యి లోపలివైపు ఉంటుంది, కింద దిండు పెట్టుకునేంత చోటుంది. ఇంటిదాకా ఒక్కసారి కూడా కక్కలేదు. ఇదేనని జగదాంబకి అనిపించింది.

"ఎలాగున్నాది మావా?"

"మెట్టు ఎత్తు. మోకాలు పట్టీసింది" అన్నాడు గోడవైపు తిరిగి పడుకుంటూ.

ఆశ్చర్యపోయింది. ఆ వెంటనే, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది గానీ, లోపల్లోపల సంతోషించింది. నచ్చలేదంటే సోమవారం ఇంకో బండి వస్తుంది. బండి వస్తే మనిషి ఎక్కుతాడు. ఎక్కితే డయాలసిస్ అవుతుంది. అతను ఇచ్చిన మాట బండి కొనేదాకే కదా! కొననంత కాలం మొగుడు దక్కుతాడు. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్లూ తట్టనందుకు తనని తానే తిట్టుకుంది.

ఇక చూడాలి ఆవిడ వంకలు. ఒకదానికి ఇంజను మోత అంది. ఇంకోదానికి సీట్లు ఎండుచేపల వాసన అంది, అది కొంత నిజమే. ఒకదానికి హారన్ మరీ కీచుగా ఉందంది. ఎనిమిదో బండికి ఎంత వెతికినా ఏ వంకా దొరక్క, రంగు బాగోలేదనేసింది. త్రినాథ్ కూడా ఒకసారి బండిని పరకాయించి చూసి, "అవునవును, ఆ రంగు మరీ ఇదిగా ఉన్నాది" అన్నాడు. ఇలా రెండు నెలలు నడిచాయి. ఒక్క డయాలసిస్ తప్పలేదు. డాక్టరమ్మ పిలిచి మెచ్చుకుంది.

చివరికి ఢిల్లీబాబు ఓపిక చచ్చిపోయింది. ఒక శుక్రవారం పొద్దున్నే ఫోన్ చేశాడు.

"అమ్మా, మా అమ్మాయికి సమ్మందాలు కూడా ఇన్ని సూడనేదు. ఆ బూడిద బండికి టెక్కలి పార్టీ వచ్చినారు. ఎల్లుండి పట్టుకెళ్లిపోతారు. మీకు అంతకన్నా మంచిది నాను తేనేను. కొంటే కొనండి, నేకపోతే ఇంక నాకు ఫోన్ సెయ్యకండి."

త్రినాథ్‌ని లోపలికి పంపి ఆ నాలుగు గంటలూ జగదాంబ బెంచీ మీదే కూర్చుంది. కొంటే అతను మాట మీద నిలబడతాడు. ఆపైన ఏమవుతుందో ఆ ఆదివారం కళ్లారా చూసింది. కొనకపోతే ఉన్న ఒక్క మంచి బండీ పోతుంది. మొన్న బుధవారం వచ్చిన డొక్కు బండిలో అతను దారంతా కక్కుతూనే వచ్చాడు. కొనననే వంకతో ఇంకెన్ని డొక్కుల్లో కుదిపించాలి? రంగు బాగోలేదంటూ మనిషిని ఎన్నాళ్లు బతికించుకుంటుంది? ఆలోచించిన కొద్దీ ఆమెకి కోపం వచ్చింది. అతని మాట మీద, తన దొంగ వంకల మీద కూడా. లేచి ఢిల్లీబాబుకి ఫోన్ చేసింది. బూడిద బండి తనదేననీ, ఒంటిగంటకల్లా గేటు దగ్గర పెట్టమనీ చెప్పేసింది.

త్రినాథ్ బయటికొచ్చి బండిని చూసి ఆగాడు. "ఇది సూసీసినాం కదే?"

"కొనీసినాను" అంది.

జగదాంబ అక్కడితో ఆపలేదు. "ఇన్నాళ్లూ నీకు దొంగ వంకలు సెప్పినాను మావా. హారనూ బానే ఉన్నాది, రంగూ బానే ఉన్నాది. నిన్ను తీసుకురాడానికే అలాగన్నాను. ఇంక అనను. కొన్నాను. నువ్వు రానంటే మానీ. కానీ సోమారం పొద్దున్న ఆరింటికి ఈ బండి గుమ్మంలో ఉంటాది. బుదారం ఉంటాది, సుక్కురారం ఉంటాది. నువ్వెక్కకపోతే ఖాళీ బండి తోలించుకుని నానొక్కదాన్నే వత్తాను. లోపల నీ మంచం పక్కన నాలుగ్గంటలు కూసుని ఎల్తాను. ఎన్నాళ్లయినా సరే."

త్రినాథ్ నవ్వాడు. ఆ గేటు దగ్గర అతను నవ్వడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"దీని మెట్టు ఎత్తు కాదే" అన్నాడు.

"మరి ఆ రోజు ఎత్తన్నావు?"

"బాగున్నాదంటే ఆ రోజే కొనీసీదానివి. కొన్నాక రాననీసి మాట ఇచ్చీసినాను. ఇచ్చినప్పుడు సావాలనే ఉండీది. తరవాత ఈ బండిలో ఆయిగా ఇంటికొచ్చినాక సావబుద్ధి కానేదు. మాట తప్పడం నాకు సేతకాదు. అందుకని మెట్టు ఎత్తనీసినాను." కాస్త ఆగి, "నువ్వు రంగుకి వంకపెట్టినప్పుడు మాత్రం నవ్వాపుకోడం కట్టమైపోయింది" అన్నాడు.

జగదాంబ ఏడుస్తూనే అతని వీపు మీద ఒక్కటి వేసింది. అతను మళ్లీ డీలాపడ్డాడు. "మరిప్పుడు కొనీసినావు. మాటేటవ్వాల?"

కొబ్బరి బేరాల్లో ఒక కట్టుబాటు ఉంది. మాట ఇచ్చినవాడు దాన్ని తెంచుకోలేడు. పుచ్చుకున్నవాడు నలుగురి ముందు వదిలేశానంటే తెగిపోతుంది. జగదాంబ కళ్లు తుడుచుకుని చుట్టూ చూసింది. డ్రైవరు ఉన్నాడు, వాచ్‌మన్ ఉన్నాడు, బెంచీ మీద లాజరు మాస్టారూ ఇంకో ఇద్దరు పేషెంట్లూ ఉన్నారు.

"అందరూ ఇనండి!" అని గట్టిగా అరిచింది. "ఈ మనిషి నాకిచ్చిన మాట నాను వదిలీసినాను!"

వాచ్‌మన్‌కి ఏమీ అర్థం కాలేదు. లాజరు మాస్టారికి అర్థమైందో లేదో గానీ, "విన్నామమ్మా" అన్నారు.

త్రినాథ్ బండి తలుపు మీద చెయ్యి వేశాడు. "అయితే సోమారం వత్తాననీసి ఇప్పుడు ఇంకో మాట ఇయ్యమంటావేటి?"

"నీ మాటలకో దణ్ణం. ముందు ఎక్కు."

ఎక్కాడు.