పిన్ని పసిగట్టిన సముద్రం

దెయ్యాల మాట వస్తే మా ఇంట్లో అందరికంటే ముందు నవ్వేది నేనే. కొలవగలిగినదాన్నే నమ్మే ఉద్యోగం నాది. ఇప్పటికీ దెయ్యాలను నమ్మను. కానీ ఫిల్మ్‌నగర్‌లో మా పిన్ని వంటింట్లో ఒక ఆదివారం పొద్దున జరిగినదాన్ని ఏమనాలో నాకు తెలియదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను పాతకాలపు సముద్రాల వేడిని లెక్కగట్టే ప్రయోగశాలలో పనిచేస్తాను. సముద్రపు పైనీళ్లలో ఇసుక రేణువంత జీవులు ఉంటాయి. అవి గుల్ల కట్టుకునేటప్పుడు నీళ్లలోని మెగ్నీషియం కాస్త అందులో చేరుతుంది. నీళ్లు వెచ్చగా ఉంటే ఎక్కువ, చల్లగా ఉంటే తక్కువ. ఆ జీవులు చచ్చాక గుల్లలు అడుగుకు దిగి, బురదలో పొరలుపొరలుగా పేరుకుంటాయి. ఆ బురదను గొట్టంతో పైకి తీసి, గుల్లలు ఏరి, మెగ్నీషియం కొలిస్తే వేల ఏళ్ల కిందట సముద్రం ఎంత వెచ్చగా ఉండేదో అంచనా వేయవచ్చు.

పిన్నిది కాకినాడ. పెళ్లయి ఇక్కడికి వచ్చాక ఇంట్లోనే వంట మొదలుపెట్టి షూటింగులకు భోజనాలు పంపేది. పులుసు మరిగే వాసనను బట్టే ఉప్పు సరిపోయిందో లేదో చెప్పేది. నిరుడు ఒక జ్వరం తర్వాత ఆ ముక్కు పనిచేయడం మానేసింది. డాక్టరు ఓపిక పట్టమన్నారు. నెలలు గడిచాయి. ఒకరోజు మాడిన పోపుతోనే సాంబారు జూబ్లీహిల్స్‌లో ఒక సెట్‌కి వెళ్లిపోయింది. అప్పటినుంచి వంట మానేస్తానంటూ వచ్చింది. నవ్వడమూ తగ్గించేసింది.

ఆ ఆదివారం నా దగ్గర రెండు చిన్న సీసాలున్నాయి. మర్నాడు ఒక బడిలో పిల్లలకు చూపించాలి. ఒకదాంట్లో ఈ మధ్యకాలపు గుల్లలు, రెండోదాంట్లో మంచుయుగం నాటివి. రెండూ బంగాళాఖాతానివే. శుభ్రంగా కడిగి ఎండబెట్టినవి. చూడటానికి రెండూ ఒకేలాంటి తెల్లటి పొడి. తేడా తెలియడానికి మంచుయుగం సీసా అడుగున నేను చుక్క పెట్టుకున్నాను.

సీసాలు వంటింటి గట్టు మీద పెట్టాను. పిన్ని ఒక సీసా మూత తీసి, పాత అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్లీ ఒకసారి గట్టిగా పీల్చింది.

"ఏమైంది పిన్నీ?"

"సముద్రమే!" అంది. కళ్లనిండా నీళ్లు. "ఎండాకాలం మధ్యాహ్నం మా ఊరి ఒడ్డున ఉంటుంది చూడు, అచ్చం అదే."

రెండోది తీసింది. "ఇదీ సముద్రమేనే. కానీ చలి. ముక్కు జివ్వుమంటోంది."

రెండోది మంచుయుగానిదని నేను ఆమెకు చెప్పలేదు. సీసా అడుగు తిప్పి చూశాను, చుక్క ఉంది. వంటకు సాయం చేసే యాదమ్మను పిలిచి వాసన చూడమన్నాను.

"నాకేం వస్తలేదమ్మా. ముగ్గుపిండి లెక్కనే ఉంది," అంది యాదమ్మ.

నాకూ ఏమీ రాలేదు. పిన్నిని కళ్లు మూసుకోమన్నాను. యాదమ్మ కొంగుచాటున సీసాలు అటూ ఇటూ మార్చి ఒక్కోటి అందించింది. ఏది ఏదో నాకూ తెలియకూడదని నేను గోడవైపు తిరిగాను. పిన్ని "ఎండ" అనో "చలి" అనో అనగానే అడుగు తిప్పి చూసేవాళ్లం. ఎన్నిసార్లు మార్చినా ఒక్కటీ తప్పలేదు. యాదమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

ఉన్నట్టుండి పిన్ని పొయ్యివైపు తిరిగింది.

"యాదమ్మా, చారులో ఇంగువ రెండుసార్లు వేశావా?"

యాదమ్మ నాలుక కరుచుకుంది. "అయ్యో, ఒకపారి ఏసిన్నని యాది మరిచిన! అమ్మ ముక్కు మళ్లొచ్చింది!"

ముగ్గురం ఒకరినొకరు పట్టుకుని నవ్వాం. పిన్ని వంటిల్లంతా తిరిగింది. డబ్బాలన్నీ తెరిచింది. యాలకులు, మెంతులు, బెల్లం, చివరికి బట్టల సబ్బు కూడా వాసన చూసింది. ఆ వారమే మళ్లీ ఒక సెట్‌కి ఆమె చేతి గుత్తివంకాయ వెళ్లింది.

పోయిన వాసన ఒక్కోసారి హఠాత్తుగా తిరిగి వస్తుందని డాక్టరన్నారు. ఒప్పుకుంటాను. కానీ వాసనే లేని పొడిలో వెచ్చటి నీళ్లేవో, చల్లటి నీళ్లేవో ఆమెకెలా తెలిసింది? ఆ పని చేయడానికి మాకు గదంత యంత్రం కావాలి. తర్వాత అవే సీసాలు మళ్లీ ఇచ్చాను.

"ఇప్పుడేం రావట్లేదే," అని నా చేతిలో పెట్టేసి, పొయ్యి మీద ఉల్లిపాయలు వేగుతున్నాయంటూ పరుగెత్తింది.

ఆమెకు ఆ సంగతి పట్టలేదు. నేను మాత్రం ఎంత ఆలోచించినా కారణం చెప్పలేకపోతున్నాను.