గుట్ట చెప్తది

రేగొండలో జీపులు బాగుచేసే మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. ఇంజను ట్యూనింగ్ అయిపోయాక బానెట్ మీద అరచెయ్యి ఆనించి "గుట్ట చెప్తది" అనేవాడు. తన పనిని అంతకు మించి పొగుడుకునేవాడు కాదు.

డెబ్బైల చివర్లో భూపాలపల్లి నుంచి ఇంకో మేస్త్రీ వచ్చి ఎదురుగా షెడ్డు వేశాడు. ఎవరు ట్యూనింగ్ చేసిన బండి ఎక్కువ లాగుతుందని చాయ్ హోటల్లో రోజూ వాదనలే. చివరికి ఇద్దరూ చెరొక జీపు తయారుచేసి, మనుషులను ఎక్కించుకుని ఊరి బయటి గుట్ట ఎక్కించాలని తేల్చారు. ఓడినవాడి షెడ్డుకు ఇక బండ్లు రావని అందరికీ తెలుసు.

ఆ రోజు ఈయన మీద నమ్మకమున్న వాళ్లంతా ఈయన జీపే ఎక్కారు. లోపల చోటు చాలక వెనక వేలాడారు. అవతలి జీపులో నేను కాళ్లు చాపుకుని కూర్చున్నాను.

"అన్నా, జర సగం మందిని దింపు" అని ఈయన డ్రైవర్ బతిమాలాడు.

"నన్ను నమ్మి ఎక్కిండ్రు. దిగుమని ఎట్ల అనాలె? పోనియ్యి" అన్నాడు మేస్త్రీ.

ఆ జీపు సగం గుట్టలో ఆగిపోయింది. మేము పైనుంచి చూస్తుండగా, ఎక్కినవాళ్లంతా దిగి దాన్ని నెట్టుకుంటూ పైకి తెచ్చారు. ఆయన బానెట్ మీద చెయ్యి పెట్టి "గుట్ట చెప్పింది" అన్నాడు. ఏ జీపులో ఎందరున్నారని ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు.

కొద్దిరోజుల్లోనే బండ్లన్నీ ఎదురు షెడ్డుకు మారాయి, ఆ జీపును నెట్టినవాళ్లవి కూడా.