స్టీరింగ్ కింద దారాలు

మా ఇంట్లో మగవాళ్లకు ఎత్తు వంశపారంపర్యంగా వస్తోంది. వద్దన్నా వదిలేది కాదు. బాపు గడప దాటేటప్పుడు తల వంచుతాడు, నేనూ వంచుతాను, మరిచిపోయిన రోజు దర్వాజానే గుర్తు చేస్తుంది. స్టేషన్ ఘన్‌పూర్ బస్టాండులో నన్ను చూసి "పైన గాలెట్ల కొడుతుందన్నా?" అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మొదట్లో నవ్వేవాణ్ణి. ఇప్పుడు మాత్రం ఆ మాట అన్నవాడికి ఒక్కపూట నా కాళ్లు తగిలించి, మా బండి డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాలనిపిస్తుంది.

మా బండి వెనకా ముందూ మనుషులు పట్టే పాత కారు. బాపు దాన్ని జనగామలో ఒక పొట్టి మనిషి దగ్గర కొన్నాడు. అంతకుముందు బాపు నడిపినవన్నీ పాత లారీలు, ట్రాక్టర్లు. వాటిలో మనిషే బండికి తగ్గట్టు సర్దుకోవాలి, బండి మనిషి కోసం సర్దుకోదు. ఈ కారులో సీటు వెనక్కి జరుగుతుందని తెలిసినప్పుడే ఆయన ముఖం వెలిగిపోయింది. చివరిదాకా జరిపాడు. అయినా మోకాలు పోయి స్టీరింగ్‌కు తగిలేది. తగిలితే తగిలిందిలే అనుకున్నాడు.

బండి ఇంటికి వచ్చిన రోజు అవ్వ పూజ చేసింది. అవ్వ అంటే నన్ను కన్నతల్లి, మా వైపు అమ్మను అట్లాగే పిలుస్తాం. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది, కొబ్బరికాయ కొట్టింది, పసుపు రాసిన ఎర్రదారం ఒకటి పట్టుకొని దాన్ని ఎక్కడ కట్టాలా అని బండంతా వెతికింది. అద్దానికి కడితే అడ్డమన్నాడు బాపు. స్టీరింగ్ కింద, ఎడమ పక్కన, వేలెడంత నల్ల పుల్ల ఒకటి బయటికి వచ్చి కనిపించింది. దారం కట్టడానికే పెట్టినట్టుందని మురిసిపోయి దానికే చుట్టింది. జారిపోకుండా ఆ పుల్లనూ, దాని మీదున్న గొట్టాన్నీ కలిపి బిగించింది.

ఆ తర్వాత ఏ జాతరకు పోయినా బండికో దారం వచ్చేది. దర్గాకు పోతే నల్లది. పక్కింటివాళ్లు చర్చి నుంచి తెచ్చిచ్చిన రిబ్బను కూడా కాదనకుండా కట్టింది. దేవుళ్ల విషయంలో అవ్వకు తన పర అనే భేదం లేదు. కట్టిన దారాన్ని మాత్రం విప్పనివ్వదు. తనంతట అదే తెగి రాలిపోవాలి, చేత్తో విప్పితే కీడు. ఏళ్లు గడిచేసరికి అది పిడికెడు ముద్దయింది. కింద పుల్ల ఉందన్న సంగతే అందరం మరిచిపోయాం.

బాపు ఆ బండి మీద జనగామ నుంచి మహబూబాబాద్, మహబూబాబాద్ నుంచి భూపాలపల్లి, ఎక్కడికి పిలిస్తే అక్కడికి కిరాయికి తిరిగాడు. ఒక మధ్యాహ్నం భూపాలపల్లి దాటాక ముందు పోతున్న బొగ్గు టిప్పర్ ఉన్నట్టుండి ఆగింది. బాపు ఆగలేదు. బండిలో ఇంకెవరూ లేరు కాబట్టి ఒక్క కాలితో పోయింది. ఆయన కుడి మోకాలు నుగ్గయింది.

దవాఖానలో కళ్లు తెరిచి ఆయన అన్న మొదటి మాట నాకు గుర్తుంది. "కాలు రాలే బిడ్డా. బ్రేకు మీదికి కాలు రాలే."

ఎవరూ ఆ మాట పట్టించుకోలేదు. బువ్వ తిని నడిపితే నిద్ర రాదా అన్నారు. ఒకాయన ఇంకో అడుగు ముందుకేసి మందు తాగాడేమోనన్నాడు, అతని మీద నేను చెయ్యెత్తబోతే నలుగురు పట్టుకున్నారు. అడిగినవాళ్లకల్లా "కాలు రాలే" అని చెప్పీ చెప్పీ బాపు విసిగిపోయాడు. చివరికి ఒకరోజు అవ్వ మంచం పక్కన కూర్చొని "నిద్ర వొయినవు కదా, నిజం చెప్పు" అని ఏడిస్తే, "ఆ, కన్ను అంటుకున్నట్టుంది" అన్నాడు. ఆనాటి నుంచి మా ఇంట్లో అదే సత్యం. కూరలో ఉప్పెక్కువైందని బాపు అన్నా సరే, అవ్వ దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. "నిద్ర వొయ్యేటోనికి ఉప్పు సంగతి ఎట్ల తెలుస్తది?"

బండిని బాగు చేయించేటప్పుడు అవ్వ షెడ్డు దాకా వచ్చింది. ముందరి భాగమంతా మార్చారు. దారాల ముద్ద చెక్కుచెదరలేదు. "గివే కాపాడినయ్" అని దానికి దండం పెట్టి, మెకానిక్‌ను అటు చెయ్యి పెట్టనివ్వలేదు. మరుసటి వారమే ఇంకో దారం కట్టింది.

బాపు కాలు మళ్లీ వంగలేదు. బండి నాకు వచ్చింది.

మొదటిరోజు కూర్చోగానే కుడి మోకాలు స్టీరింగ్ అంచుకు ఆనుకుంది. కొన్నాళ్లకు అక్కడ చర్మం నల్లబడి గట్టిపడింది. సాయంత్రానికి నడుము కర్రలా బిగుసుకుపోయేది. జనగామలో సీట్లు కుట్టే ఆయన దగ్గరికి పోయి కూర్చునే చోట స్పాంజి కోయించాను, కాస్త కిందికి దిగుతానని. దిగాను, కానీ తీగల మీద కూర్చున్నట్టయింది. అయినా మోకాలికి చోటు రాలేదు. ఇక మోకాలిని తలుపు వైపు వంచి, పాదాన్ని వాలుగా పెట్టి నడపడం అలవాటు చేసుకున్నాను. చూసేవాళ్లకు కాలు మీద కురుపు లేచిందేమో అనిపించేది.

బాపు ఇంట్లో కూర్చోలేక నాతో కిరాయిలకు వచ్చేవాడు. ఎడమ సీట్లో, వంగని కాలు చాపుకొని, నోరు విప్పకుండా. నేను బ్రేకు తొక్కాల్సిన ప్రతిచోటా ఆయన కుడి పాదం కింది రేకును నొక్కేది. అక్కడ బ్రేకు లేదు, ఆ కాలికి బలమూ లేదు. అయినా నొక్కేవాడు. నేను చూడనట్టు ఉండేవాణ్ణి. నాకు భయమేసేది.

అది జరిగింది పెద్దవంగర దగ్గర, పొద్దున పూట. వెనక సీట్లో ఇద్దరు ఆడవాళ్లు, దవాఖానకు పోతున్నారు. పత్తి చేను పక్క నుంచి మేకల మంద ఒక్కసారిగా రోడ్డెక్కింది. వాటి వెనక ఒక ముసలాయన, మాకు వీపు చేసి, తాపీగా. నేను చూశాను. కన్ను చూసింది, మనసు చెప్పింది, కాలు లేచింది. లేచిన కాలు స్టీరింగ్ కింద ఇరుక్కుపోయింది. మోకాలు అంచుకు తగిలి, పాదం బ్రేకు దాకా రాకుండా మధ్యలోనే నిలబడిపోయింది. చేతి బ్రేకు లాగాను. బండి అడ్డం తిరిగి, ముసలాయన చేతికర్రకు బానెట్టు తగిలీ తగలనట్టు ఆగింది. ఆయన వెనక్కి తిరిగి నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. న్యాయమైనవే.

వెనక ఆడవాళ్లు దేవుణ్ణి తలుచుకుంటున్నారు. నేను స్టీరింగ్ వదలలేకపోయాను. నా నోటి నుంచి ఒకే మాట వచ్చింది. "కాలు రాలే."

బాపు నా వైపు చూశాడు. ఆయన కుడి పాదం ఇంకా కింది రేకును నొక్కుతూనే ఉంది.

ఆ రోజు నుంచి బండి ఎక్కాలంటే భయం పట్టుకుంది. ముందు ఏ బండి కనిపించినా ఊరంత దూరంలో ఉండగానే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేసేవాణ్ణి. కిరాయివాళ్లు "ఎడ్లబండి మీద పోయినా గీపాటికి చేరేటోళ్లం" అని గొణిగేవారు. గొణగనీ అనుకున్నాను. భూపాలపల్లి రోడ్డు మీద బొగ్గు టిప్పర్ల వెనక పోయేటప్పుడు, వాటి వెనక ఎర్ర దీపం వెలిగిందంటే నా మోకాలు ముందే నొప్పి పెట్టేది. మళ్లీ ఒకసారి కాలు రాకపోవడం ఖాయం, అది ఏ రోజో తెలియదు, అంతే. బండి ఆపేస్తే ఇల్లు నడవదు. ఆపకపోతే ఎవరో ఒకరు పోతారు. నేనో, బాపో, రోడ్డు దాటే ఇంకెవరో.

అట్లాంటి రోజుల్లోనే గార్లలో ఒకాయన పిలిచాడు. కన్ను ఆపరేషన్ అయింది, తన కారును తనే నడపలేడు, మహబూబాబాద్ దాకా నడిపిపెట్టమన్నాడు. బాపు ఆ రోజు రాలేదు. పోయి చూస్తే అచ్చం మా బండే, రంగు ఒక్కటే తేడా. కూర్చున్నాను. మోకాలు ఎప్పటిలాగే పోయి తగిలింది, నేను ఎప్పటిలాగే పక్కకు వంచాను.

ఆయన నా అవస్థ చూసి నవ్వాడు. "గట్లెందుకు కూసున్నవ్ తమ్మీ? స్టీరింగ్ జర పైకి లేపుకోరాదు?"

"స్టీరింగ్ పైకి ఎట్ల పోతదే?" అన్నాను.

"ఇగో, గీ పుల్ల కిందికి నొక్కు" అని తనే వంగి నొక్కాడు. స్టీరింగ్ మెత్తగా కదిలింది. పైకి లేపి పుల్లను మళ్లీ బిగించాడు. నా మోకాలి మీద చోటు వచ్చింది. పాదాన్ని బ్రేకు మీదికి వేశాను, తీశాను, మళ్లీ వేశాను. ఎక్కడా తగల్లేదు. ఇన్నేళ్లలో మొదటిసారి నా కాలు నా మాట విన్నది.

సంతోషం ఒక్క క్షణమే. నా చెయ్యి దానంతటదే స్టీరింగ్ కిందికి, ఎడమ పక్కకు పోయింది. వేలెడంత నల్ల పుల్ల. ఇదే చోటు. మా బండిలో ఈ చోట ఏముందో నాకు తెలుసు. ఆయన ఏమైందని అడిగితే నీళ్లు కావాలన్నాను.

మరుసటి పొద్దున బండి తుడుస్తున్నట్టు నటిస్తూ బాపును పిలిచాను. అవ్వ చేను వైపు పోయింది. ఎడమ సీట్లో కూర్చోబెట్టి సంగతంతా చెప్పాను. జేబులోంచి బ్లేడు తీశాను.

"ఒద్దురా" అన్నాడు బాపు. "గవి విప్పద్దు."

"విప్పుత లేను, కోస్త" అన్నాను. కోపం ఎవరి మీదో తెలియదు. పసుపు, కుంకుమ, చెమట, దుమ్ము కలిసి అది గట్టి తోలులా అయింది. పొర కింద పొర కోసుకుంటూ పోయాను. అన్నిటికంటే అడుగున రంగు వెలిసిన మొదటి ఎర్రదారం ఉంది. అదీ తెగింది. పుల్ల బయటపడింది. నొక్కితే మొదట మొరాయించింది, తర్వాత కిందికి వచ్చింది. స్టీరింగ్ పైకి లేచింది.

బాపు కిందికి దిగాడు. బండి చుట్టూ కుంటుతూ వచ్చి నన్ను లేవమన్నాడు. ప్రమాదం తర్వాత ఆయన ఆ సీట్లో కూర్చోవడం అదే మొదలు. వంగని కాలును తలుపు బయటికి పెట్టి, వంగే కాలును స్టీరింగ్ కింద ఉంచి, మధ్యలో ఖాళీలో అరచెయ్యి దూర్చి చూసుకున్నాడు. స్టీరింగ్‌ను దించాడు. చెయ్యి ఇరుక్కుంది. లేపాడు. చెయ్యి వచ్చింది. మళ్లీ దించాడు.

"నేను నిద్ర వోలే" అన్నాడు.

"నువ్వు నిద్ర వోలే బాపు. ఊరంతకు చెప్త. నిన్ను తాగినవన్నోన్ని పట్టుకొచ్చి గీ సీట్ల కూసోబెట్టి చూపిస్త."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఊరికి చెప్తే మీ అవ్వకు తెల్వదా?"

నేను బ్లేడును జేబులో పెట్టుకున్నాను.

"నేను నిద్ర వొయిన్నంటే నన్ను తిడతది. తిట్టి బువ్వ తింటది, పండుకుంటది. గిది తెలిస్తే ఎవర్ని తిడతది? గా దారాలు కట్టింది తన చేతులు కదా బిడ్డా."

"మరి నీ మీద మాట?"

"గట్లనే ఉండనీ. నాకు అలవాటైంది."

ఆయన వైపు అంత ప్రేమగా, అంత కోపంగా నేను ఎప్పుడూ చూడలేదు. తెగిన దారాల ముద్దను ఏరి తన తువ్వాలలో మూటగట్టుకున్నాడు. వాటంతటవే రాలినయని చెప్దామన్నాడు. చెప్పాం. అవ్వ నమ్మింది. మొక్కులన్నీ తీరినట్టేనని ముఖం వెలిగిపోయింది, ఆ సాయంత్రం బాపును తిట్టడం కూడా మరిచిపోయింది.

కానీ దారాలు లేని బండిని అవ్వ ఎన్నాళ్లు తిరగనిస్తుంది? ఆ వారమే జాతరకు పోయి వచ్చింది. నేను భూపాలపల్లి కిరాయికి బయల్దేరుతుంటే కొంగులోంచి కొత్త ఎర్రదారం తీసుకుంటూ వాకిట్లోకి వచ్చింది. బాపు అప్పటికే ఎడమ సీట్లో ఉన్నాడు. అవ్వ నా తలుపు తీసి, నా మోకాళ్ల మీదుగా వంగి, స్టీరింగ్ కింద తడుముతోంది. ఆమె వేళ్లు పుల్లకు తగిలాయి. పుల్ల కదిలింది, దాంతోపాటు స్టీరింగ్ కొద్దిగా కిందికి కుంగింది.

అవ్వ చెయ్యి ఆగిపోయింది. "గిదేంది, కదులుతుంది?"

ఆమె ఆ పుల్లను చూసింది. తర్వాత నా మోకాలిని చూసింది. మడిచి కట్టిన లుంగీ కింద నల్లబడిన ఆ చర్మాన్ని చూసింది.

"గాడ వద్దే" అన్నాడు బాపు తొందరగా. "నాకు కట్టు."

"నీకెందుకు?"

"నిద్ర రాకుండ."

అవ్వ ఆ పుల్లను ఇంకోసారి నొక్కి చూసింది, స్టీరింగ్ ఇంకొంచెం నా మోకాలి మీదికి కుంగింది. తర్వాత లేచి, బండి ముందు నుంచి చుట్టూ తిరిగి బాపు వైపుకు వచ్చింది. తిట్టలేదు. తలుపు తీసి కింద కూర్చొని, ఆయన చాపిన కాలిని ఒడిలోకి తీసుకుంది. చీలమండకు దారం చుట్టి, వదులుగా, వేలు దూరేంత వదులుగా ముడి వేసింది.

"బిగిసిందా?" అని అడిగింది.

"లేదు" అన్నాడు బాపు.

అవ్వ ఆ కాలు వదిలి లేవలేదు. నేను బండి ఇంజను ఆపేశాను.