గడియారాల కొట్టు

మా బావ ఏ ప్రయాణాన్నీ నేరుగా సాగనిచ్చేవాడు కాదు. దారిలో ఏ మూల ఏది కనిపించినా "జెర ఆపు" అనేవాడు. సొంత కూతురి నిశ్చితార్థానికి వరంగల్ వెళ్లే రోజు కూడా అంతే. రైలుకు వేళవుతుంటే రెజిమెంటల్ బజార్ గల్లీలో ఆటో ఆపించి, గడియారాలు బాగుచేసే కొట్టులోకి దూరాడు. తండ్రి లేకుండా తాంబూలాలు ఎవరు పుచ్చుకుంటారు? నేను మండిపడుతూ వెనకే వెళ్లాను.

"బండి పోతది బావా. దిమాగ్ ఉందా నీకు?"

గోడ నిండా గడియారాలు, ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తూ కొట్టుకుంటున్నాయి.

"పరేషాన్ గాకు బామ్మర్దీ. గిన్నిట్ల ఒక్క దాంట్లనన్న మన బండి ఇంకా రాలే."

రైలు వెళ్లిపోయింది. బస్సులో నిలబడి వెళ్లి, చెమటలు కక్కుకుంటూ తాంబూలాల వేళకు అందుకున్నాం.

రైలు తప్పించినందుకు ఆయన్ని ఎప్పుడో క్షమించాను. అంత కోపంలో ఉన్న నన్ను ఆ కొట్లో పకపకా నవ్వించినందుకు మాత్రం ఈనాటికీ క్షమించలేదు.